ఆకురాయి పిట్ట

ఆ పిట్టకు పుస్తకంలో పేరు లేదంట.
మేము ఆకురాయి పిట్ట అనేవాళ్లం.
నర్ది కర్ర మీద ఆకురాయి వేస్తే ఎట్ట వినిపిస్తుందో
అట్ట అరిచేది.
మూడుసార్లు గీసి, ఆగి,
ఏదో గుర్తొచ్చినట్టు ఇంకొక్కసారి.

ఉదయగిరి దుర్గం మీద ఎండ పలచబడే వేళకు
అది అరిస్తే
మా అమ్మీ ఉలి కింద పెట్టేది.
"అదీ పని చాలించింది. లేవే షంషాద్, పొయ్యి రాజెయ్."
మా ఇంటికి గడియారం వచ్చింది నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు.
అదైనా, గోడకు అందమని.

చెమ్చాలు చెక్కే ఇల్లు మాది.
కాలేషా చిచ్చా ఫజర్ నమాజు కాగానే కొండెక్కేవాడు.
చెట్టు కొట్టేవాడు కాదు.
మోచెయ్యంత కొమ్మ కోసి
కోసిన చోట తడిమన్ను మెత్తి దిగేవాడు.
ఒకే చెట్టు,
మాకు గంటె, దానికి తొర్ర.

ఇప్పుడు చిచ్చా మధ్యాహ్నం దాకా తిరిగి
చంకలో నాలుగు పుల్లలతో వస్తాడు.
దోనలో నీళ్లు ఉగాదికే అడుగంటుతున్నాయంటాడు.
శివశివా అంటూ చలి పోవాల్సిన రోజున
రోళ్లు పగిలే ఎండ.
నర్ది చెట్లు కూలవు,
నిలబడే ఎండిపోతాయి.
ఆ కర్రకు గుణం ఉండదు.
లోపల ఎప్పుడో చీలి ఉంటుంది, పైకి తెలియదు.
గుంట తీసి, పువ్వు చెక్కి,
పిడి దగ్గరకు వచ్చాక
టక్కుమంటుంది.

పోయిన నెల తిరుపతి నుంచి ఒకబ్బాయి వచ్చాడు.
శేషఫణి అంట, మెడలో దుర్భిణి, చేతిలో గళ్ల కాగితం.
"చివరిసారి ఎప్పుడు విన్నారక్కా?" అన్నాడు.
నేనెట్ట చెప్పేది?
ఆ రోజు మామూలుగానే ఉండుంటది గదా.
కరెంటు పోయి ఉంటుంది.
అరుపు విని, చెయ్యి ఆపి,
విన్నానని కూడా అనుకోకుండా
పొయ్యి దగ్గరకు పోయి ఉంటాను.

అతను ఫోనులో పిట్టల్ని వినిపించాడు.
ఇదా? కాదు, అది కముజు.
ఇదా? అది జెముడుకాకి, ఎవరికి తెలియదు.
ఇది? ఇది? ఇది?
ఇరవయ్యేడు అరుపులు.
మా చిన్నోడు నవ్వు ఆపుకోలేక బయటికి పరిగెత్తాడు.

"మేము కోసిన కొమ్మల వల్లేనా?" అని అడిగాను.
ఇన్నాళ్లూ ఎవర్నీ అడగలేదు.
అతను అవుననలేదు, కాదనీ అనలేదు.
సముద్రాల అవతల మండే బొగ్గు గురించి చెప్పాడు,
మబ్బు దారి తప్పడం గురించి,
ఏటేటా అరడిగ్రీ, పావు డిగ్రీ, ఏవో లెక్కలు.
మా పొయ్యి పొగ నాకు తెలుసు.
ఏ మూరకప్పు కింద నిలుస్తుందో, ఏ కంటిని మండిస్తుందో.
అంత దూరపు పొగ
మా కొండ మీది తొర్ర దాకా ఎట్ట వచ్చిందో
విన్నాను గాని, పట్టుబడలేదు.

ఇక మాటలతో కాదని
సగం చెక్కిన చెమ్చా ఒడిలో పెట్టుకుని
ఆకురాయి వేశాను.
మూడుసార్లు.
ఆగాను.
ఇంకొక్కసారి.

అతను ఫోను ముందుకు చాచి పట్టుకున్నాడు.
మళ్లీ వెయ్యక్కా అన్నాడు. వేశాను.
చిచ్చా చేతిలో బీడీ కాలుతూనే ఉంది.
పంచలో కునుకు తీస్తున్న అమ్మీ
కళ్లు తెరవకుండానే
"పొయ్యి రాజేశావా?" అంది.

అప్పుడు మిట్టమధ్యాహ్నం.

అతను పేరు గడిలో 'ఆకురాయి' అని రాసి
పక్కన ప్రశ్న గుర్తు పెట్టుకున్నాడు.
తిరుపతిలో ఏదో యంత్రంలో ఇప్పుడు
నా చేతి చప్పుడు
పిట్టగా దాచి ఉంటుంది.
ఎవరైనా రేపు దాన్ని కొండ మీద వినిపిస్తే,
ఒక్కటంటే ఒక్కటి మిగిలుంటే,
జవాబిస్తుందా?
ఇనుమని తెలుసుకుని ఊరుకుంటుందా?

ఆ చెమ్చా అమ్మకానికి పెట్టలేదు.
చూపించే ఆత్రంలో
పిడి మరీ సన్నగా అరిగిపోయింది.